మన రికార్డు రూము తాళం ఎవరి చేతిలో?

(శాఖా కార్యదర్శుల అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



నాకు అప్పగించిన విషయం పేరు కార్యక్రమ పత్రంలో చదివి, నిన్న రాత్రి భోజనాల దగ్గర కొందరు మిత్రులు నవ్వారు. 'ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో పోకడలు, పోటీ' మనకెందుకు, డి.ఎ. సంగతి చెప్పండి అన్నారు. డి.ఎ. సంగతి సాయంత్రం ప్రధాన కార్యదర్శిగారు చెబుతారు. అయితే మీకు రావలసిన డి.ఎ., ఇంక్రిమెంటు, గ్రాట్యుటీ అన్నీ ఏ కాగితం మీద ఆధారపడి ఉన్నవో, ఆ కాగితం ఇప్పుడు ఎక్కడ ఉన్నదో, దానికి కాపలా ఎవరో తెలుసుకోవడం కూడా సంఘం పనే గనుక నేను ఈ భారాన్ని ఒప్పుకున్నాను.

పేరు పెద్దదే గాని వస్తువు మనకు కొత్తది కాదు. ఆఫీసుకు ఒక ఉత్తరం వస్తుంది. టపా గుమాస్తా దానిమీద తేదీ ముద్ర వేసి ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కిస్తాడు. డీలింగ్ క్లర్కు దానిని ఫైలులో ట్యాగు కట్టి, నోట్ షీటు మీద తన అభిప్రాయం రాస్తాడు. ఆ ఫైలు హెడ్ క్లర్కు, ఆఫీసు సూపరింటెండెంటు, అధికారి వరకు మెట్లెక్కి, సంతకాలు వేయించుకుని తిరిగి దిగివస్తుంది. పని ముగిసిన తరువాత రికార్డు సార్టరు దానిని కట్టలో కట్టి అరలో పెడతాడు. ఏ కట్టను ఎన్ని సంవత్సరాలు ఉంచాలో, ఏది ఎప్పుడు నాశనం చేయవచ్చునో చెప్పే జాబితా గోడకు వేలాడుతూ ఉంటుంది. ఈ టపా, ఈ రిజిస్టరు, ఈ నోట్ షీటు, ఈ రికార్డు రూము, దాని తాళం, ఇవన్నీ ఒకే సాఫ్ట్‌వేరుగా కట్టి సంస్థలకు అమ్మే వ్యాపారమే మనం మాట్లాడుకుంటున్న పరిశ్రమ. కాగితాన్ని స్కాను చేసి బొమ్మగా మార్చడం, ఆ బొమ్మకు పేరు, నంబరు, తేదీ, విషయం అనే గుర్తులు తగిలించడం, ఎవరు చూడవచ్చునో ఎవరు మార్చవచ్చునో నిర్ణయించడం, ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో రాసి ఉంచడం దాని విధులు. గుర్తులను వారు మెటాడేటా అంటారు. ఫైలు అట్టమీది రాత అనుకుంటే మనకు సరిపోతుంది. అట్టమీది రాత తప్పయితే ఫైలు ఉండి కూడా లేనట్టేనని మన గుమాస్తా మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ నా అనుభవంలోని ఒక కేసు చెప్పాలి. పేరు, డివిజను చెప్పను. ఒక గ్యాంగ్‌మన్, క్యాజువల్ లేబరుగా చేరి, తాత్కాలిక హోదాలో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఆ తరువాత పర్మనెంటు అయి, పదవీ విరమణ చేశాడు. తాత్కాలిక హోదాలో చేసిన సర్వీసులో సగం పింఛను ప్రయోజనాలకు లెక్కలోకి వస్తుందని మీకు తెలుసు. అంటే నాలుగున్నరేళ్ళు. గ్రాట్యుటీ లెక్క ప్రతి ఆరు నెలలకు పావు నెల జీతం గనుక, తొమ్మిది అర్ధ సంవత్సరాలకు రెండుంబావు నెలల జీతం. సెటిల్‌మెంటు కాగితాలలో ఆ నాలుగున్నరేళ్ళు సున్నా అయి కూర్చున్నవి. కారణం విచారిస్తే, అతని సర్వీసు రిజిస్టరును స్కాను చేసినప్పుడు రెండు పేజీలు అంటుకుపోయి ఒక్క పేజీగా వెళ్ళిపోయినవి. స్కాను చేసినవారు కాంట్రాక్టరు తెచ్చిన కుర్రవాళ్ళు. వారికి కూలి పేజీ లెక్కన. వేగంగా తిప్పితేనే వారికి గిట్టుబాటు. అసలు రిజిస్టరు ఏదయ్యా అంటే, డిజిటైజేషన్ పూర్తయినది గనుక బస్తాలలో వేసి ఎక్కడికో తరలించామన్నారు. కంప్యూటరులో లేదు గనుక సర్వీసు లేదన్నారు. పధ్నాలుగు నెలలు తిరిగాము. చివరకు అతని భార్య ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళినాటి చీర మడతలో, నలభై ఏళ్ళనాటి క్యాజువల్ లేబర్ కార్డు దొరికింది. వేలిముద్రలూ, ఇన్‌స్పెక్టరు సంతకాలూ చెక్కుచెదరకుండా ఉన్నవి. ఆ కార్డే అతనికి డబ్బు ఇప్పించింది. చదువురాని ఇల్లాలు నడిపిన రికార్డు రూము, లక్షలు పోసి నడిపిన రికార్డు రూము కంటే నమ్మకంగా పనిచేసింది.

నేను యంత్రానికి వ్యతిరేకినని మీరు అనుకోవద్దు. కంప్యూటరు మీద మన ఉద్యమంలో జరిగిన వాదోపవాదాలు మీలో పెద్దవారికి గుర్తే. 1985లో ఢిల్లీలో రిజర్వేషన్లు కంప్యూటరుకు ఎక్కినప్పుడు బుకింగ్ క్లర్కులు ఏమవుతారని మనవాళ్ళు భయపడ్డారు. ఆ భయంలో కొంత నిజమే అయింది, కొంత కాలేదు. కాని కౌంటరు ముందు తెల్లవార్లూ పడుకున్న ప్రయాణికుడిని అడిగితే వేరే సమాధానం వస్తుంది. యంత్రం రావాలా వద్దా అనే తగవు దాటిపోయి చాలాకాలమైంది. యంత్రం ఎవరిది, దాని లోపల ఉన్న కాగితం ఎవరిది, అది తప్పు చెప్పినప్పుడు ఎవరి మాట చెల్లుతుంది అన్నదే ఇవాళ్టి తగవు.

ఎవరి మాట చెల్లుతుంది అన్నది చిన్న ప్రశ్న కాదు. తపాలా సోదరులు బ్రిటన్‌లో జరిగినది తెలుసుకోవాలి. అక్కడి పోస్టాఫీసులలో ఫుజిట్సు సంస్థ అందించిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థను 1999 నుంచి ప్రవేశపెట్టారు. అది కంటెంట్ మేనేజ్‌మెంట్ కాదు, ఖాతాల వ్యవస్థ. అయినా పాఠం ఒక్కటే. యంత్రం క్యాషు తక్కువగా ఉన్నదని చూపింది. సబ్ పోస్ట్‌మాస్టర్లు మేము తీయలేదు మొర్రో అన్నారు. యంత్రం మాటే నిలిచింది. 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలకు శిక్షలు పడినవి. వారిలో సుమారు ఏడు వందల మందిమీద కేసులు నడిపినది స్వయంగా పోస్టాఫీసు సంస్థే. జైలుకు వెళ్ళినవారున్నారు, ఇల్లు అమ్ముకున్నవారున్నారు, ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2019లో లండన్ హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలున్నవని తేల్చింది. 2024లో పార్లమెంటు ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయడానికి ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. కంప్యూటరు సరిగానే పనిచేసినదని కోర్టులు ముందుగానే భావించాలన్న సూత్రం అక్కడ ఆ రోజులలోనే బలపడింది. ఒక సంతకం, ఒక రిజిస్టరు, పక్కన ఒక సాక్షి ఉండే పద్ధతిలో ఇంతమందిని ఒకేసారి దొంగలను చేయడం సాధ్యమయ్యేది కాదు.

ఇక పరిశ్రమ పుట్టుపూర్వోత్తరాలకు వద్దాము. దీనికి నలభై ఏళ్ళు దాటినవి. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫైల్‌నెట్ అనే కంపెనీ వెలిసింది. బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలలో గుట్టలుగా పడి ఉన్న కాగితాన్ని స్కాను చేసి ఆప్టికల్ డిస్కుల మీద నిలవచేయడం దాని సరుకు. ఆ కాలంలోనే వాంగ్ లాబొరేటరీస్ అనే పెద్ద సంస్థ కూడా ఈ రంగంలోకి దిగింది. వర్డ్ ప్రాసెసర్లతో అమెరికా ఆఫీసులను ఏలిన ఆ సంస్థ 1992లో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మీ రికార్డులు పెట్టుకున్న పెట్టె తయారుచేసిన కంపెనీయే కూలిపోతే ఆ పెట్టెను రేపు ఎవరు తెరుస్తారన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. జవాబు నేటికీ పూర్తిగా రాలేదు.

1990లో డాక్యుమెంటమ్ వచ్చింది. మందుల కంపెనీలు కొత్త మందుకు అనుమతి కోరుతూ ప్రభుత్వానికి సమర్పించే దస్త్రాల వంటి పెద్ద కట్టలను, ఏ ప్రతి ముందుది ఏది తరువాతది అని తికమక లేకుండా నడపడం దానికి పేరు తెచ్చింది. 1991లో కెనడాలోని వాటర్లూలో ఓపెన్‌టెక్స్ట్ వచ్చింది. దీని పుట్టుక నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగిస్తుంది. ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు మొత్తాన్ని కంప్యూటరులో ఎక్కించి అందులో వెతకడానికి వీలు చేయాలని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు చేసిన పరిశోధన నుంచి ఆ కంపెనీ పుట్టింది. విశ్వవిద్యాలయంలో మొలిచిన విత్తనం, షేరు మార్కెట్టులో చెట్టయింది. ఆ చెట్టే తక్కిన చెట్లను మింగుతూ వచ్చింది.

ఎందుకంటే ఈ పరిశ్రమలో పోటీ అంటే మంచి సరుకు చేసి గెలవడం కొంత, పోటీదారుణ్ణి కొనివేయడం కొంత. రెండవది రానురాను మొదటిదాన్ని మించింది. 2003లో నిల్వ యంత్రాలు అమ్మే ఇ.ఎం.సి. కంపెనీ డాక్యుమెంటమ్‌ను సుమారు 170 కోట్ల డాలర్లకు కొన్నది. 2006 ఒక్క సంవత్సరంలోనే ఐ.బి.ఎం. ఫైల్‌నెట్‌ను సుమారు 160 కోట్ల డాలర్లకు తీసుకున్నది, ఓపెన్‌టెక్స్ట్ హమ్మింగ్‌బర్డ్‌ను తీసుకున్నది, ఒరాకిల్ 44 కోట్ల డాలర్లకు స్టెలెంట్‌ను బేరం చేసుకున్నది. 2009లో ఓపెన్‌టెక్స్ట్ విన్యెట్‌ను, ఆటానమీ అనే బ్రిటిష్ కంపెనీ ఇంటర్‌వోవెన్‌ను కొన్నవి. 2011లో ఆ ఆటానమీని హ్యూలెట్ ప్యాకార్డ్ సుమారు 1,100 కోట్ల డాలర్లు పోసి కొని, ఏడాది తిరిగేసరికి అందులో 880 కోట్ల డాలర్లు నష్టంగా కొట్టివేసుకున్నది. మన గ్రాట్యుటీలో రెండుంబావు నెలల జీతానికి పధ్నాలుగు నెలలు తిప్పుతారు, అక్కడ ఒక్క కలం పోటుతో అంత డబ్బు ఆవిరి!

డాక్యుమెంటమ్ కథ ఇంకా ఉన్నది. 2016లో ఇ.ఎం.సి.ని డెల్ కొన్నది. డెల్ నెలలోపే ఈ విభాగాన్ని ఓపెన్‌టెక్స్ట్‌కు 162 కోట్ల డాలర్లకు బేరం పెట్టగా, 2017 జనవరిలో చేతులు మారింది. ఒక ఆస్పత్రిలోనో ఒక విద్యుత్ సంస్థలోనో అదే సాఫ్ట్‌వేరు, అవే ఫైళ్ళు, అదే గుమాస్తా. యజమాని మాత్రం పధ్నాలుగేళ్ళ వ్యవధిలో నాలుగవవాడు. ప్రతి యజమానికీ ఒక ధరల పట్టిక, ఒక కొత్త పేరు, ఏ పాత రకాన్ని ఎప్పటినుంచి బాగుచేయడం మానుకుంటాడో చెప్పే ఒక తేదీ. హ్యూలెట్ ప్యాకార్డ్ సాఫ్ట్‌వేరు కూడా 2017లో మైక్రో ఫోకస్ చేతికి వెళ్ళి, ఆ మైక్రో ఫోకస్‌ను 2023 జనవరిలో సుమారు 600 కోట్ల డాలర్లకు ఓపెన్‌టెక్స్టే కొన్నది. అందుకు అప్పు చేసింది. ఆ అప్పు తగ్గించుకోవడానికి 2024లో తన మరొక విభాగాన్ని 227 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మింది. కొన్న నెలలోనే సుమారు నూటికి ఎనిమిది మంది ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించింది. ఆ కంపెనీకి హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ పెద్ద ఆఫీసులున్నవి. ఈ హాలులో కూర్చున్నవారి పిల్లలు అటువంటి ఆఫీసులలో ఉండనే ఉన్నారు. ఇంటిలో తండ్రి సాఫ్ట్‌వేరు వచ్చి తన సెక్షనులో పోస్టులు పోయినవని బాధపడతాడు, ఆ సాఫ్ట్‌వేరు రాసే కొడుకు కంపెనీ చేతులు మారినదని నిద్రపోడు. కొడుకుకు సంఘం లేదు. ఇది మనం ఇంకొక రోజు మాట్లాడుకోవలసిన విషయం.

ఇంత డబ్బు పోసి ఎందుకు కొంటున్నారు? ఇందులో లాభం సరుకు అమ్మిన రోజున కాదు, తరువాత వచ్చే సంవత్సరాలలో ఉన్నది. లైసెన్సు ఒకసారి కొన్న సంస్థ ఏటా ఆ ధరలో అయిదవ వంతు అటూ ఇటుగా నిర్వహణ రుసుము కడుతూ పోతుంది. మానివేద్దామంటే కుదరదు. ఎందుకు కుదరదో మన రైల్వే భాషలో చెబుతాను. మీటరు గేజీ, బ్రాడ్ గేజీ కలిసే జంక్షన్లలో పాతరోజులలో ట్రాన్‌షిప్‌మెంటు షెడ్డు ఉండేది. ఒక గేజీ వాగను నుంచి బస్తాలు దింపి, భుజాలమీద మోసి, రెండవ గేజీ వాగనులో ఎక్కించేవారు. ఆలస్యం, కూలి ఖర్చు, చినిగిన బస్తాలు, తేలిన తరుగు. 1992 నుంచి గేజీ ఏకీకరణ చేపట్టడానికి ఆ బాధ ఒక కారణం. ఈ సాఫ్ట్‌వేరు కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కొక్క గేజీ వేసుకున్నవి. కోటి కాగితాలు ఒక కంపెనీ గేజీలో పేర్చుకున్న సంస్థ మరొక కంపెనీకి మారాలంటే కోటి బస్తాలూ దింపి ఎక్కించాలి. కాగితం బొమ్మ వచ్చినా, అట్టమీది రాత రాదు. అది వచ్చినా, నోట్ షీటులో ఎవరు ముందు రాశారో ఎవరు తరువాత రాశారో ఆ వరుస రాదు. అందుచేత సంస్థలు గొణుక్కుంటూనే రుసుము కడతాయి. పోటీ అంతా మొదటిసారి టెండరు దగ్గరే. టెండరు గెలిచిన మరునాటి నుంచి పోటీ లేదు.

దీనికి విరుగుడు ప్రయత్నాలు జరగకపోలేదు. కాగితం బొమ్మ ఏ కాలంలోనైనా ఏ యంత్రంమీదైనా తెరుచుకోవాలని పి.డి.ఎఫ్.-ఎ అనే ప్రమాణాన్ని 2005లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. ఒక కంపెనీ భాండాగారంలోని పత్రాన్ని మరొక కంపెనీ కార్యక్రమం చదవగలగాలని సి.ఎం.ఐ.ఎస్. అనే ప్రమాణం 2010లో వెలువడింది. దానిని రాసినవారు ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్, ఇ.ఎం.సి. వంటి పోటీదారులే కావడం ఒక విచిత్రం. గేజీలు ఒకటి కాలేదు గాని ట్రాన్‌షిప్‌మెంటు షెడ్డుకు ఒక పైకప్పు పడింది.

మరొక విరుగుడు ఓపెన్ సోర్సు, అనగా కోడు అందరూ చదవగలిగే, మార్చుకోగలిగే పద్ధతి. డాక్యుమెంటమ్ స్థాపకులలో ఒకరైన జాన్ న్యూటన్ 2005లో మరొకరితో కలిసి బ్రిటన్‌లో ఆల్‌ఫ్రెస్కో అనే కంపెనీ పెట్టి, తాను పూర్వం తాళం వేసిన సరుకునే తాళం లేకుండా అమ్మబూనాడు. చాలామంది ఆశపడ్డారు. 2020లో ఆ కంపెనీని ఒహాయో రాష్ట్రానికి చెందిన హైలాండ్ కొన్నది. హైలాండ్ వెనుక ఉన్నది థోమా బ్రావో అనే ప్రైవేటు పెట్టుబడి సంస్థ. మరుసటి ఏడాది నక్సియో అనే మరో ఓపెన్ సోర్సు కంపెనీనీ హైలాండే కొన్నది. కోడు మిగిలింది గాని, దానిమీద పనిచేసే మనుషులకు జీతమిచ్చే చేయి మారింది.

అన్నిటినీ మించిన దెబ్బ మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చింది. 2001లో షేర్‌పాయింట్ తెచ్చి, ఆఫీసు సరుకులతో ముడిపెట్టి అమ్మింది. నాణ్యతలో అది ఫైల్‌నెట్‌కు, డాక్యుమెంటమ్‌కు సాటి రాదని నిపుణులు చాలాకాలం పెదవి విరిచారు. అయినా ప్రతి బల్లమీదా అప్పటికే ఉన్న కంపెనీ, దాదాపు ఉచితం అన్నట్టు ఇస్తుంటే ఎవరు కాదంటారు? చిన్న ఆఫీసులకు ఈ వసతి మొదటిసారి అందిన మాట నిజం. ఇరవై వేర్వేరు సెక్షన్లు ఇరవై చిల్లర భాండాగారాలు పెట్టుకుని, ఏది అసలు ప్రతో తెలియని గందరగోళం పెరిగిన మాట కూడా నిజమే. క్రమంగా సరుకు కొనుక్కునే పద్ధతి పోయి, క్లౌడు పేరిట నెలకు తలకు ఇంత అని అద్దె కట్టే పద్ధతి వచ్చింది. 2017 నాటికి గార్ట్‌నర్ అనే సలహా సంస్థ ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్ అనే పేరునే పక్కనపెట్టి 'కంటెంట్ సర్వీసెస్' అనడం మొదలుపెట్టింది. అద్దె ఇంటిలో ఉన్నవాడు బాడుగ ఆపితే సామాను వీధిలో పడుతుంది. ఇక్కడ సామాను వీధిలో కూడా పడదు, ఇంటి లోపలే ఉండిపోతుంది.

మన దేశానికి వద్దాము. ఢిల్లీలో 1992లో మొదలైన న్యూజెన్ ఈ రంగంలో దేశీయంగా ఎదిగి, బ్యాంకుల రుణాల దస్త్రాలు నడిపి, 2018లో షేరు మార్కెట్టుకు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు స్వయంగా ఇ-ఆఫీసును 2009 నుంచి తయారుచేసి ఇచ్చింది. రైల్వేలలో దానిని నెలకొల్పే పని 2019లో రైల్‌టెల్ చేపట్టింది. మన పచ్చ నోట్ షీటు రంగు కూడా తెరమీద అట్లాగే ఉంచారు, చూసే ఉంటారు. సర్వీసు వివరాల కోసం క్రిస్ తయారుచేసిన హెచ్.ఆర్.ఎం.ఎస్. 2020 నవంబరులో వచ్చింది. క్రిస్ మన రైల్వేల సొంత సంస్థ, 1986లో పుట్టింది. దేశమంతటి రిజర్వేషన్లను ఒక్క వలలోకి తెచ్చిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేరు 1994లో మొట్టమొదట నడిచినది మన సికింద్రాబాదులోనే అని కొత్తతరం వారికి గుర్తు చేయాలి.

తపాలా శాఖ దారి ఇంకా బోధప్రదం. 2012లో 4,909 కోట్ల రూపాయలతో ఐ.టి. ఆధునికీకరణ పథకం మంజూరయింది. పొదుపు ఖాతాల పని ఇన్ఫోసిస్‌కు, మూల వ్యవస్థల పని టి.సి.ఎస్.కు వెళ్ళింది. శాఖ పని చాలావరకు బయటి కంపెనీల సాఫ్ట్‌వేరుమీద నడిచింది. తరువాత దశలో, సుమారు 5,800 కోట్ల రూపాయల ఐ.టి. 2.0 కింద, మైసూరులోని తపాలా సాంకేతిక నైపుణ్య కేంద్రం ఎ.పి.టి. అనే వ్యవస్థను శాఖలోనే తయారుచేసింది. 2025 ఆగస్టు 4 నాటికి లక్షా డెబ్బయి వేలకు పైగా కార్యాలయాలలో అది అమలులోకి వచ్చింది. 4 లక్షల 60 వేల మందికి పైగా ఉద్యోగులకు శిక్షణ ఇచ్చినట్టు ప్రభుత్వం ప్రకటించింది. మన శాఖ మనుషులు రాసిన కోడు, ప్రభుత్వ క్లౌడుమీద, బి.ఎస్.ఎన్.ఎల్. తీగమీద. ప్రపంచమంతా అద్దె ఇంటికి మారుతున్న రోజులలో ఒక శాఖ సొంత ఇల్లు కట్టుకున్నది. ఇది మెచ్చుకోదగినదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. సొంత ఇల్లయినంత మాత్రాన పైకప్పు కారదని కాదు. నెట్‌వర్కు లేక ఒక బి.పి.ఎం. చెట్టెక్కి సిగ్నల్ వెతుక్కుంటే అది సొంత సాఫ్ట్‌వేరు వల్ల తీరే బాధ కాదు. అయినా కారుతున్న చోటు చూపించి బాగుచేయమని అడగడానికి మైసూరులో మనిషి ఉన్నాడు. బయటి కంపెనీ అయితే 'ఇది కాంట్రాక్టులో లేదు, మార్పుకు వేరే ధర' అన్న ఉత్తరం వస్తుంది.

తాజా పోకడ కృత్రిమ మేధ. 2023 నుంచి మైక్రోసాఫ్ట్ కోపైలట్ పేరిట, ఓపెన్‌టెక్స్ట్ ఏవియేటర్ పేరిట, తక్కినవారు తక్కిన పేర్లతో, భాండాగారంలోని కాగితాలను యంత్రమే చదివి, సారాంశం చెప్పి, అట్టమీది రాత తానే రాసే సదుపాయం అమ్ముతున్నారు. పోటీ ఇప్పుడు అంతా దీనిమీదే. మన ఆఫీసులలో దీని అర్థమేమిటో ఆలోచించండి. డైరీ, డిస్పాచ్, ఇండెక్సు చేసే పోస్టులకు ముప్పు ఉన్నది. దానిని దాచి లాభం లేదు. రెండవది, యంత్రం బాగా చదివేది బాగా టైపు అయిన ఇంగ్లీషు. 1980లలో ఒక పి.డబ్ల్యు.ఐ. ఆఫీసులో కార్బన్ కాపీమీద రాసిన చేతిరాత, తెలుగులో పెట్టుకున్న అర్జీ, వేలిముద్ర, వీటి దగ్గర అది ఊహించి చెబుతుంది. తనకు తెలియదని చెప్పడం దానికి ఇంకా సరిగా అలవడలేదు. అంటుకున్న రెండు పేజీల దగ్గర కుర్రవాడు చేసినది పొరపాటు. రేపు యంత్రం ఆ ఖాళీని సొంత కల్పనతో నింపితే, అది పొరపాటుగా కూడా కనిపించదు.

అందుచేత శాఖలలో వెంటనే చేయవలసిన పని గురించి రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి సర్వీసు బుక్కును ఏటా చూపించి సంతకం తీసుకోవడం ఆఫీసు అధిపతి బాధ్యత అని సప్లిమెంటరీ రూలు 202 చెబుతున్నది. ఇందుకు మనం అర్జీ పెట్టనక్కరలేదు, వారే చూపించాలి. 2021 పింఛను నిబంధనల ప్రకారం పద్ధెనిమిదేళ్ళ సర్వీసు నిండినప్పుడు ఒకసారి, పదవీ విరమణకు అయిదేళ్ళ ముందు మరొకసారి సర్వీసును సరిచూసి ధ్రువపత్రం ఇవ్వాలి. తపాలా మిత్రులలో ఎందరికి ఆ కాగితం చేతికి వచ్చింది? చేతులెత్తండి అంటే ఇంత పెద్ద హాలులో పది చేతులు లేవవు. రైల్వే మిత్రులకు వేరే నిబంధనలున్నా పరిస్థితి ఇంతకంటే మెరుగు కాదు. తెరమీద కనిపించే సర్వీసు రికార్డులో ప్రతి పేజీ నంబరునూ వరుసగా చూడండి. 41 తరువాత 44 వస్తే ఆగండి. అప్పుడే, ఆ వారంలోనే రాతపూర్వకంగా ఇవ్వండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. తప్పులు సరిదిద్దమని కోరే హక్కు అందులో ఉన్నది గాని, 2025 నవంబరులో వెలువడిన నిబంధనల ప్రకారం ముఖ్యమైన భాగాలు ఆ పైన పద్ధెనిమిది నెలలకు అమలవుతాయి. అంతవరకు సమాచార హక్కు చట్టం చేతిలో ఉన్నది.

యాజమాన్యాలతో జరిగే సమావేశాలలో అజెండాకు పంపవలసినవి కూడా ఉన్నవి. స్కాను అయిన సర్వీసు రిజిస్టరు అసలును ఆ ఉద్యోగి సెటిల్‌మెంటు, కుటుంబ పింఛను కేసు ముగిసేదాకా నాశనం చేయకూడదని రాతలో తీసుకోవాలి. స్కానింగు కాంట్రాక్టులో పేజీ లెక్క కూలి ఉంటే, సరిచూసే మనిషి మన సెక్షను మనిషై ఉండాలని పట్టుబట్టాలి. రేపు ఏ సాఫ్ట్‌వేరు కొన్నా, అట్టమీది రాతతో సహా, ఎవరు ఎప్పుడు మార్చారన్న వరుసతో సహా, మొత్తం రికార్డును మామూలు రూపంలో దింపి ఇస్తామని కంపెనీ ముందే ఒప్పుకోవాలన్న షరతు టెండరులో ఉన్నదా అని అడగండి. జవాబు చెప్పే అధికారికి ఆ ప్రశ్న కొత్తగా ఉంటుంది. విసుక్కోడు, రాసుకుంటాడు. నా అనుభవం అది.

ఆ గ్యాంగ్‌మన్ కేసులో దొరికిన క్యాజువల్ లేబర్ కార్డు నకలు నా సంచిలో ఉన్నది. భోజన విరామంలో చూడదలచినవారు చూడవచ్చు. క్యాజువల్ సర్వీసు ఉన్న సభ్యుల పేర్లు, వారి దగ్గర ఏ పాత కాగితం ఉన్నదో, వచ్చే కార్యవర్గ సమావేశం నాటికి ప్రతి శాఖా జాబితా రాసి తేవాలని కార్యదర్శులను కోరుతున్నాను. ఇక ప్రశ్నలుంటే అడగండి.